కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి: విశాఖలో పాత కర్ర లెక్క

వన్‌టౌన్‌లోనో భీమిలిలోనో పాత పెంకుటిల్లు పడగొడుతున్నారంటే ముందు దిగేవి పెంకులు. ఆ తర్వాత వాసాలు, దూలాలు, ఆఖర్న గుమ్మాలు, కిటికీలు. ఇంటివాళ్లు వీటిని విడివిడిగా అమ్ముకోవడం తక్కువే. కూల్చే మేస్త్రీతో మొత్తం కలిపి బేరం కుదురుతుంది. కర్ర, ఇనుము అతనికి. స్థలం శుభ్రం చేసి అప్పగించడం అతని పూచీ. నాలుగు నెలలు పోయాక అదే గుమ్మం ఏ కెఫేలోనో నిలువుటద్దానికి ఫ్రేముగానో, పైన గాజు పరిచిన బల్లగానో కనిపిస్తుంది. దాని ధర చీటీ చూస్తే పాత ఇంటివాళ్ల గుండె గుభేలుమంటుంది. కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి అన్న సామెత అసలు కర్ర బేరం చూసే పుట్టిందేమో అనిపిస్తుంది.

మధ్యలో ఎవరో దోచేశారనుకోవడం తేలిక. అందులో కొంత నిజం ఉండొచ్చు కూడా. కానీ కాగితం మీద లెక్క వేస్తే వేరే సంగతి బయటపడుతుంది. పాత కర్రకు పెట్టే డబ్బులో పెద్ద వాటా దాన్ని మళ్లీ పనికొచ్చే కర్రగా మార్చే చాకిరీకే పోతుంది. "చెత్త నుంచి ఫర్నిచర్" అని మురిసిపోయే వీడియోల్లో ఈ చాకిరీ పది సెకన్లలో గిర్రున తిరిగిపోతుంది.

ఒక గుమ్మం లెక్క

ఏడడుగుల నిలువు కర్రలు రెండు, మూడున్నర అడుగుల అడ్డకర్రలు రెండు (పైది, కింద గడప) ఉన్న గుమ్మం ఒకటి తీసుకుందాం. మొత్తం పొడవు 21 అడుగులు. కర్ర వెడల్పు ఆరంగుళాలు, మందం నాలుగంగుళాలు. టింబర్ డిపోల్లో వేసే లెక్క ప్రకారం పొడవును అడుగుల్లో, వెడల్పును, మందాన్ని అంగుళాల్లో తీసుకుని గుణించి 144తో భాగిస్తే ఘనపుటడుగులు వస్తాయి. ఇక్కడ సరిగ్గా 3.5 వస్తుంది.

ఇప్పుడు తరుగు చూడాలి. నిలువు కర్రల అడుగుభాగం ఏళ్ల తరబడి కడిగిన నీళ్లు తాగి ఉంటుంది. అక్కడే చెద ఎక్కుతుంది. చెరో అడుగు కోసి పారేయక తప్పదు. మిగిలింది 19 అడుగులు. నాలుగు వైపులా పావంగుళం చొప్పున చిత్రిక పడితే గానీ లోపలి రంగు కనిపించదు. అంటే కర్ర అయిదున్నర, మూడున్నర అంగుళాలకు దిగుతుంది. లెక్క వేస్తే సుమారు 2.54 ఘనపుటడుగులు. దాన్ని అంగుళం మందం పలకలుగా కోస్తే మూడే వస్తాయి. మిగతా అరంగుళం రంపపు పొట్టుకు, రెండోసారి చిత్రికకు పోతుంది. చివరికి చేతికొచ్చేది రెండు ఘనపుటడుగుల పైచిలుకు. బందులు కూర్చున్న గాడులు, గొళ్లెం బెజ్జాలు, మూలల్లో అతుకు కోసం తొలిచిన చోట్లు ఈ లెక్కలో తీసేయనే లేదు.

ఇదంతా మిల్లు ఒప్పుకుంటేనే. పాత కర్ర అంటే చాలా సామిల్లులు మొహం తిప్పుకుంటాయి. కారణం మేకు. లోపల విరిగిపోయిన ఒక్క మేకు చాలు, రంపం పళ్లు పోవడానికి. మన గుమ్మాలకు ఇది మరీ ఎక్కువ. ఉగాదికొకటి, సంక్రాంతికొకటి, పెళ్లికొకటి అని మామిడి తోరణం కోసం పై కర్రకు మేకులు కొడుతూనే ఉంటారు. తుప్పుపట్టి తల ఊడిన మేకు కర్రలోనే ఉండిపోతుంది. దాని మీద మళ్లీ రంగు పడుతుంది. పైకి కర్ర నున్నగా ఉంటుంది, లోపల ఆ ఇంట్లో జరిగిన పండగలన్నీ ఉంటాయి. అనుభవం ఉన్న వడ్రంగి పాత కర్ర మీద ముందు అయస్కాంతం తిప్పుతాడు. ఆ తర్వాత నల్లటి మచ్చలు వెతుకుతాడు. ఇనుము, తడి, కర్రలోని వగరు పదార్థం కలిసిన చోట మేకు చుట్టూ నలుపు దిగుతుంది. మేకు కనపడకపోయినా మచ్చ దాని జాడ చెప్పేస్తుంది.

రంగు సంగతి మేకు కంటే జాగ్రత్తగా చూడాల్సింది. ఇళ్లకు వాడే పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90) దాటకూడదన్న కేంద్రం నిబంధనలు 2016లో వచ్చాయి. 2017 నవంబరు 1 నుంచి అమల్లో ఉన్నాయి. అంతకు ముందటి ఎనామిల్ పెయింట్లలో, అందులోనూ పసుపు, ఎరుపు లాంటి మెరిసే రంగుల్లో సీసం బాగా ఉండేది. పసుపు రంగు కోసం వాడిన లెడ్ క్రోమేట్ సీసం కలిసిన పదార్థమే. మన గడపలకు ఏ రంగు వేస్తామో చెప్పక్కర్లేదు. అసలు పసుపు రాసిన గడపతో ఇబ్బంది లేదు. పసుపు పెయింటు పొరల మీద పొరలుగా పేరుకున్న గడపను గ్రైండర్‌తో పొడిగా రుద్దితే లేచే దుమ్ముతోనే ప్రమాదం, ముఖ్యంగా పసిపిల్లలకు. తడి చేసి గీకడం, పెయింటు రిమూవర్ రాసి ఊడబెరకడం, ఊడిన పెచ్చుల్ని వాకిట్లో ఊడ్చి వదిలేయకుండా మూట కట్టి తీసేయడం ఎవరైనా చేయగలిగిన పనులే. కానీ ఒక పూట పని రెండు రోజులవుతుంది. ఆ రెండు రోజుల కూలీయే బల్ల ధరలో కూర్చుంటుంది.

అన్నీ టేకు కావు

పాత ఇల్లు అనగానే "బర్మా టేకండీ" అనడం అమ్మేవాళ్లకు అలవాటు. ఉత్తరాంధ్ర నుంచి లక్షల మంది ఒకప్పుడు రంగం (బర్మాలోని రంగూన్) వెళ్లొచ్చినవాళ్లు కాబట్టి ఆ మాటకు ఇక్కడ ఇంకాస్త విలువ ఉంది. నిజంగా బర్మా టేకు వాడిన ఇళ్లూ ఉన్నాయి. కానీ మామూలు కుటుంబాల ఇళ్లలో గుమ్మం వరకే టేకు. పైకప్పుకు నల్లమద్ది, ఏగిస, గుగ్గిలం, అన్నిటికన్నా ఎక్కువగా తాటి. కొత్తగా గీసిన చోట టేకు తోలు లాంటి వాసన వేస్తుంది, వేలికి కొంచెం జిడ్డుగా తగులుతుంది. పాలిష్ కొట్టిన వస్తువు మీద ఈ పరీక్ష పనిచేయదు. కాబట్టి కొనేవాళ్లు అడుగువైపు, పాలిష్ తగలని చోట చూడాలి.

తాటి గురించి కాస్త చెప్పుకోవాలి, ఎందుకంటే దానికి జరుగుతున్నంత అన్యాయం ఇంకే కర్రకూ జరగడం లేదు. తాటిచెట్టుకు టేకులా మధ్యలో చేవ ఉండదు. గట్టిదనమంతా బయటి చుట్టులోనే, లోపలికి పోయేకొద్దీ గుజ్జు. అందుకే పాత కాలంలో మానును చీల్చి, లోపలి మెత్తటి భాగం చెక్కేసి, బయటి పట్టెనే వాసాలుగా వాడారు. అరవై డెబ్బయ్యేళ్లు పెంకుల బరువు మోసిన ఆ పట్టెలు ఇప్పుడు వంటచెరుకు కింద పోతున్నాయి. కారణం పనిముట్లే. నల్లటి నార పోగులు ఉలి పదును తినేస్తాయి. చిత్రిక వాలు తప్పితే పెళ్లలుగా లేస్తుంది. ముల్లు దిగితే వేలు రెండు రోజులు సలుపుతుంది. అయితే ఓపిగ్గా నున్నన చేసి నూనె పట్టిస్తే గోధుమరంగు మీద నల్లటి గీతలతో వచ్చే అందం ఏ లామినేట్‌కూ రాదు. పెద్ద బల్లలకు వద్దు. ట్రేలు, దీపస్తంభాలు, కత్తి పిడులు, గోడకు కొట్టే కొక్కేల పట్టెలు, ఇలాంటి చిన్న వస్తువులకు తాటిని మించింది లేదు. విశాఖ బజారులో ఎవరూ పెద్దగా పట్టించుకోని సరుకు ఇదే.

పాత కర్రకు ఒక నిజమైన మేలు ఉంది. అది ఆరాల్సినంత ఆరిపోయింది. కొత్త దుంగను కోస్తే అంగుళం మందానికి ఏడాది ఆరబెట్టాలని వడ్రంగుల లెక్క. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఈ తేడా ఊరంతటికీ తెలిసొచ్చింది. రోడ్ల పక్క నిద్రగన్నేర్లు, తురాయిలు, తీరం వెంట సరుగుళ్లు వేలకు వేలు కూలిపోయాయి. నిద్రగన్నేరు మానును నిలువునా కోస్తే బల్లకు సరిపడా వెడల్పు పలక వస్తుంది. అందులో కొంతైనా ఫర్నిచర్ అయి ఉండాలి. కానీ అప్పుడు అందరి దృష్టీ రోడ్లు ఖాళీ చేయడం మీదే, మళ్లీ కరెంటు, నీళ్లు తెప్పించుకోవడం మీదే. పచ్చి దుంగల్ని వెంటనే కోసి, కొసలకు మైనమో రంగో రాసి, నీడలో మధ్యమధ్య పుల్లలు పెట్టి పేర్చడానికి చోటూ తీరికా ఎవరికున్నాయి? కోతకు వెళ్లని దుంగలు ఎండకు పగిలి పొయ్యిల్లోకి వెళ్లాయి. తుపాను మళ్లీ వస్తుంది, ఈ తీరానికి అది తప్పదు. కూలిన చెట్లను పేర్చి ఆరబెట్టడానికి పాకలు వేసిన నాలుగు సెంట్ల స్థలం ముందే ఉంటే ఈసారి లెక్క మారుతుంది.

ప్యాలెట్ మీద ముద్ర

పోర్టు, స్టీల్ ప్లాంటు, చుట్టూ ఫ్యాక్టరీలు ఉన్న ఊరు కాబట్టి గాజువాక, ఆటోనగర్ వైపు తుక్కు కొట్లలో ప్యాలెట్లకు, అంటే సరుకు పేర్చి ఎత్తడానికి కింద వేసే కర్ర చట్రాలకు, కొదవ లేదు. ఇంటర్‌నెట్ చూసి మోజుపడే కుర్రాళ్లు మొదట చేయి పెట్టేది వీటి మీదే. బాల్కనీ సోఫా, టీవీ స్టాండు, మొక్కల గూళ్లు. ప్యాలెట్ చవగ్గా వస్తుంది, పలకలు కోసే ఉంటాయి, ఇక మేకులు పీకడమే మిగిలిందనుకుంటారు.

ఆ మేకుల్ని ఒకసారి లెక్కపెడదాం. పైన, కింద కలిపి 12 పలకలు, ఒక్కో పలక మూడు దిమ్మల మీద, దిమ్మకు రెండేసి మేకులు. మొత్తం 72. అవి మామూలు మేకులైతే సుత్తి వెనక కొక్కెంతో వచ్చేస్తాయి. కానీ ప్యాలెట్లకు చాలాచోట్ల మెలి తిరిగిన మేకులు వాడతారు, లారీ కుదుపులకు ఊడకూడదని. వాటిని లాగితే మేకు రాదు, పలక చీలుతుంది. తెలిసినవాళ్లు లాగరు. పలకకూ దిమ్మకూ మధ్య సందులో సన్న ఇనుప రంపం దూర్చి మేకును కోసేస్తారు, కోసిన ముక్క పలకలోనే ఉండిపోతుంది. మేకుకు నిమిషం చొప్పున వేసినా గంటంబావు పని. ఇంత చేస్తే వచ్చేది సుమారు ఒక ఘనపుటడుగు మెత్తటి కర్ర.

అసలు చూడాల్సింది ముద్ర. దేశాలు దాటే కర్ర పెట్టెలు, ప్యాలెట్లు, ఓడలో సరుకు కింద వేసే అడుగు కర్రలు, వీటన్నిటికీ ఐఎస్‌పీఎం 15 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. పురుగులు కర్రతోపాటు దేశం దాటకుండా 2002లో తెచ్చారు. దాని ప్రకారం కర్రకు శుద్ధి చేసి ముద్ర కొట్టాలి: గోధుమ వెన్ను బొమ్మ, రెండక్షరాల దేశం గుర్తు, తయారీదారు నంబరు, ఏ శుద్ధి చేశారో చెప్పే అక్షరాలు. హెచ్‌టీ అని ఉంటే కర్ర నడిమి భాగం దాకా 56 డిగ్రీల వేడిని 30 నిమిషాలు పట్టించారని అర్థం. ఎంబీ అంటే మిథైల్ బ్రోమైడ్ పొగ పట్టించారు. అది విషవాయువు, ఓజోన్ పొరను తినేస్తుందని ప్రపంచమంతా వాడకం తగ్గిస్తోంది. ఇంట్లోకి తెచ్చుకునేటప్పుడు ఎంబీ వదిలేసి హెచ్‌టీ ఏరుకోవడమే మంచిది.

ఇక్కడిదాకా చాలామందికి తెలుసు. తెలియని సంగతులు మూడు ఉన్నాయి. ముద్ర లేని ప్యాలెట్ అంటే చెడ్డదని కాదు, దేశంలోపల తిరిగేవాటికి ముద్ర అక్కర్లేదు. ముద్ర ఉన్నంత మాత్రాన చెద పట్టదని కూడా కాదు. వేడికి అప్పటికి లోపలున్న పురుగు చస్తుంది, అంతే. ఆరు నెలల తర్వాత ఇంటి గోడ నుంచి చెద ఎక్కితే ఆ వేడి దాన్ని ఆపదు. అన్నిటికన్నా ముఖ్యమైంది, ప్యాలెట్ మీద ఏ సరుకు వచ్చిందో, ఏది ఒలికిందో ముద్ర చెప్పదు. చుట్టుపక్కల ఫార్మా, కెమికల్ యూనిట్లు ఉన్నచోట ఈ ప్రశ్న మొదట రావాలి. మచ్చ ఉన్నది, ముక్కు దగ్గర పెడితే ఘాటు కొట్టేది ఎంత చవకైనా వదిలేయాలి. మంచినీళ్లకని కొనే నీలం ప్లాస్టిక్ డ్రమ్ములకూ ఇదే మాట. లోపల ఏముండేదో అమ్మేవాడికే తెలియని డ్రమ్మును ఎన్నిసార్లు కడిగినా లాభం లేదు.

ప్యాలెట్ కర్ర ఎక్కువగా పైన్ లాంటి మెత్తటి కర్ర. విశాఖ గాలిలో తేమ తాగి ఉబ్బుతుంది, ఏసీ గదిలో పెడితే కుంచించుకుపోతుంది. ఈ ఉబ్బు, కుంచింపు పలక వెడల్పులోనే కానీ పొడవులో దాదాపు ఉండవు. కాబట్టి బల్లపై పలకల్ని అడ్డపట్టెకు గట్టిగా బిగించేస్తే ఒక వేసవి, ఒక వానాకాలం దాటేసరికి పగుళ్లు ఖాయం. అడ్డపట్టెలో స్క్రూ బెజ్జాన్ని కాస్త కోలగా తొలిస్తే కర్ర కదలడానికి చోటు దొరుకుతుంది. సముద్రం పక్క ఇళ్లలో మామూలు ఇనుప స్క్రూలు వాడితే రెండేళ్లకే తుప్పు కారుతుంది. ఇత్తడివో స్టెయిన్‌లెస్ స్టీల్‌వో కొనాలి. ప్యాలెట్ కన్నా స్క్రూల ఖర్చే ఎక్కువైందని గొణుక్కునేవాళ్లున్నారు. పాత కర్రతో పని అంటే అలాగే ఉంటుంది.

పడవ కర్ర

ఫిషింగ్ హార్బర్ దగ్గర విప్పేసిన కర్ర బోట్ల పలకలకు, పక్కటెముకల్లా ఉండే వంకీ కర్రలకు ఈ మధ్య రిసార్టుల నుంచి గిరాకీ ఉంది. చూడ్డానికి అద్భుతంగా ఉంటాయి: వెలిసిన నీలం, దాని కింద ఎరుపు, దాని కింద తారు. కానీ ఏళ్ల తరబడి ఉప్పునీళ్లలో నానిన కర్రలో ఉప్పు మిగిలిపోతుంది. ఉప్పు గాలిలోని తేమను లాక్కుంటుంది. అందుకే వానాకాలంలో ఆ కర్ర చెమ్మగిల్లి పైపాలిష్ పొరలు పొరలుగా లేచిపోతుంది. మంచినీళ్లు మార్చి మార్చి నానబెట్టి, నెలల తరబడి ఆరబెట్టి గానీ ముట్టుకోకూడదు. డీజిల్ వాసన దిగని ముక్కలు ఉంటాయి, తారు ఎక్కినవి ఉంటాయి. పడకగదికి ఇది పనికిరాదు. వరండా బెంచీకి, తోటకు, హోటలు గోడకు సరే. వంకీ కర్రను తిన్నగా చేద్దామనుకోవడం మాత్రం తెలివితక్కువ పని. అది పుట్టుకతోనే వంగిన కొమ్మను ఏరి కోసింది. ఆ వంపు కోసమే దాన్ని కొనాలి, కుర్చీ చేతికి అంతకన్నా బలమైన ముక్క దొరకదు. రైలు పట్టాల కింద ఒకప్పుడు వేసిన కర్ర స్లీపర్ల మీదా కొందరికి ఆశ. చెడకుండా క్రియోసోట్ అనే తారునూనె పట్టించినవి ఇంట్లోకి అసలు తేకూడదు.

ఉప్పుగాలితో పోరు ఇంటి బల్లకే కాదు, బీచ్ రోడ్డు మీద ఉన్న కురుసుర సబ్‌మెరైన్‌కూ తప్పలేదు. పని ముగిసిన నౌకను 2002లో మ్యూజియంగా మార్చిన ఊరు ఇది, దాని ఎదురుగా 2017లో టీయూ 142 విమానాన్నీ పెట్టింది. ఒడ్డున నిలబెట్టిన ఇనుముకు రంగులు, మరమ్మతులు ఎప్పటికీ ఆగవు.

టైర్లతో స్టూళ్లు, సీసాలతో దీపాలు, కొబ్బరి చిప్పల గిన్నెలు గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. చిప్పలు మంచివి, సీసాలు సరదా. టైరు మాత్రం డాబా మీద పెడితే లోపల వాననీళ్లు నిలుస్తాయి, డెంగీ దోమకు అంతకన్నా సుఖమైన ఇల్లు దొరకదు. కింద రెండు బెజ్జాలు పెట్టకుండా టైరును కుండీ చేసేవాళ్లు దోమల్ని పెంచుకుంటున్నట్టే.

ధర ఎక్కడ పుడుతుంది

విశాఖకు 65 కిలోమీటర్ల దూరంలో, ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉన్న ఏటికొప్పాక బొమ్మ ఈ లెక్కకు మంచి ఉదాహరణ. అది పాత కర్రతో చేసేది కాదు, అంకుడు కర్రది. కానీ బొమ్మలోకి పోయే కర్ర ఎంత? పిడికెడు. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చిందంటే ఆ పిడికెడు కర్రకు కాదు. తిరిగే కర్రకు లక్క బిళ్ల ఆనించి, ఆ రాపిడి వేడికే రంగు అంటుకునేలా చేసే చేతికి, మొక్కల నుంచి తీసిన రంగులకు వచ్చింది. సహజ రంగుల్ని అక్కడ మళ్లీ నిలబెట్టిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ ఇచ్చారు. పాత కర్రతో వస్తువులు చేసేవాళ్లు అక్కడి నుంచి తెచ్చుకోవాల్సింది ఈ ముక్కే. చిన్న వస్తువు, తక్కువ కర్ర, ఎక్కువ పనితనం. గుమ్మం తరుగులో చెద పట్టకుండా మిగిలిన తుంపులు, మేకు మచ్చలున్న ముక్కలు, పలకగా పనికిరాని కొసలు అన్నీ అలా చెల్లుబాటవుతాయి. మచ్చను దాచడానికి లప్పం పూసే బదులు దాన్ని బొమ్మ కంటిగా చేసుకోగల చెయ్యి ఉండాలి, అంతే.

పెద్ద వస్తువుల్లో నిలబడగలిగేది మాత్రం టేకు గుమ్మాలు, కిటికీలే. కానీ ఆ సరుకు ఎన్నాళ్లు వస్తుంది? వన్‌టౌన్‌లో, భీమిలిలో, అనకాపల్లిలో మిగిలిన పెంకుటిళ్లు ఎన్నో అన్ని గుమ్మాలే. కూలిన ప్రతి ఇంటి స్థానంలో అపార్టుమెంటు లేస్తోంది. ఆ పాత గుమ్మం పాడవకుండా విడిపోవడానికి ఒక కారణం ఉంది. ఒక కర్ర కొసను సన్నగా చెక్కి, రెండో కర్ర బెజ్జంలో దూర్చి, అడ్డంగా కర్ర చీల కొట్టారు. ఆ చీలను తట్టి ఊడదీస్తే నాలుగు ముక్కలూ నాలుగు ముక్కలుగా చేతికొస్తాయి.

ఎంవీపీ కాలనీలోనో మధురవాడలోనో ఏ ఫ్లాటు ముందైనా ఇంటీరియర్ మార్చే రోజున నిలబడి చూస్తే లారీలో పడేవి వేరు. పొట్టును జిగురుతో నొక్కి చేసిన పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్, మీద మెరిసే లామినేట్. సింకు కింద అరమర అడుగు రొట్టెలా ఉబ్బి ఉంటుంది. స్క్రూ ఒకసారి తీస్తే అదే బెజ్జంలో మళ్లీ పట్టదు. కోస్తే అంచు పొడిపొడిగా రాలుతుంది, ఆ దుమ్ములో ఫార్మాల్డిహైడ్ కలిపిన జిగురు ఉంటుంది. పొయ్యిలో పెట్టడానికి కూడా పనికిరాదు. పాత సామాన్ల కొట్టువాడు ఆ లారీ దగ్గరికొచ్చి ముందు బందులు విప్పుకుంటాడు, తర్వాత అల్యూమినియం పట్టీలు, ఆ తర్వాత డ్రాయర్ పట్టాలు. మిగిలింది అంతా లోడుగా కాపులుప్పాడ చెత్త యార్డు వైపు వెళ్తుంది.